ఆటిజం ఉన్నవాళ్ల ప్రేమకథలు ఎవరి వైపు నుంచి చెప్తున్నారు?

ఓరుగల్లు చదువరి:
హనుమకొండలో నలుగురం పుస్తకాల గురించి మాట్లాడుకుంటుంటే మొదలైన వాదన ఇది, అక్కడ తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఆటిజం ఉన్నవాళ్లు ప్రేమ కోసం వెతుక్కునే కథలు ఇప్పుడు సిరీస్‌ల్లో, నవలల్లో బాగానే వస్తున్నాయి. కానీ వాటిలో చాలావరకు ఆ మనిషి ప్రేమ గురించి కాదు, ఆ మనిషిని ప్రేమించినవాళ్లది ఎంత పెద్ద మనసో చెప్పడానికే రాసినట్టుంటాయి. 2017లో వచ్చిన ‘ఎటిపికల్’ సిరీస్ మొదటి సీజన్ చూడండి. ఆటిజం ఉన్న పద్దెనిమిదేళ్ల శామ్‌కి గర్ల్‌ఫ్రెండ్ కావాలి. తన థెరపిస్టు మీదే మనసు పడతాడు, తనను ఇష్టపడ్డ పేజ్ గురించేమో మంచీ చెడూ లిస్టు రాసుకుంటాడు. ఇవన్నీ మనం నవ్వడానికో, వాళ్లమ్మ టెన్షన్ పడడానికో పెట్టినవే. ముట్టుకుంటే ఒళ్లంతా ఇబ్బందిగా ఉన్నా సరే ఆ మనిషే పక్కన ఉండాలనిపించడం ఎలా ఉంటుందో ఒక్క సీన్‌లోనైనా తెలిసిందా?

కాజీపేట జంక్షన్:
అన్నా, అది అన్యాయం. శామ్ గొంతులోనే కదా కథ వినిపించేది, పెంగ్విన్ల గురించి, అంటార్కిటికా గురించి చెప్తూ తన మనసు చెప్పుకుంటాడు. సినిమాల్లో ఆటిజం అంటే లెక్కలు టకటకా చెప్పే మనిషి, లేదంటే ఎన్నేళ్లొచ్చినా పసిపిల్లాడు, ఇంతే ఉండేది. వీళ్లకీ తోడు కావాలి అని ఒక సిరీస్ చెప్పడం చిన్న విషయం కాదు. మొదటి సీజన్‌కి విమర్శలు వస్తే రెండో సీజన్‌లో ఆటిజం ఉన్న నటుల్ని తీసుకున్నారు కూడా. మా తమ్ముడికి ఆటిజం ఉంది. వాడికీ పెళ్లి గురించి ఆలోచన ఉంటుందేమోనని మా ఇంట్లో మొదటిసారి మాట్లాడుకున్నది ఆ సిరీస్ చూశాకే.

వడ్డేపల్లి అమ్మాయి:
మీరిద్దరూ అబ్బాయిల గురించే మాట్లాడుతున్నారు. నాకు ఆటిజం అని ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. పెళ్లిచూపుల్లో తల దించుకుని కూర్చున్నాను, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడం నాకు కష్టం కాబట్టి. పిల్ల ఎంత పద్ధతిగా ఉందో అన్నారు. అదే అబ్బాయి అలా కూర్చుంటే పొగరంటారు, లేకపోతే ఏదో దాస్తున్నారంటారు. ఆడపిల్లలో ఆటిజం మన దగ్గర సిగ్గు కింద, అణకువ కింద కొట్టుకుపోతుంది. అందుకే మన కథల్లో కూడా మేము కనిపించం. నాకు దగ్గరగా అనిపించింది హెలెన్ హోయాంగ్ నవల ‘ది కిస్ కోషెంట్’, 2018లో వచ్చింది. రచయిత్రికి తన ఆటిజం గురించి పెద్దయ్యాకే తెలిసింది, దాన్ని తెలుసుకుంటూ రాసిన పుస్తకం. అందులో ఆటిజం ఉన్న హీరోయిన్ స్టెల్లాకి వాసనలు, స్పర్శలు ఎంత బాధపెడతాయో, అయినా ఎంత కోరిక ఉంటుందో రెండూ ఉంటాయి. ఆమె మీద మనకి జాలి కలగదు.

ఇంకొకటి. డేమియన్ మిల్టన్ అని బ్రిటన్‌లో ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త 2012లోనే ఒక మాట రాశాడు. అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుంది, ఆటిజం ఉన్నవాళ్లకి లేనివాళ్లు అర్థం కానట్టే, లేనివాళ్లకీ ఉన్నవాళ్లు అర్థం కారు అని. కథల్లో మాత్రం నేర్చుకోవాల్సింది ఎప్పుడూ ఒక్కరే. పెళ్లి ఊరేగింపులో డీజే సౌండ్ నేను భరించాలి, ఆ సౌండ్ కొంచెం తగ్గిద్దామని పెళ్లికొడుకు అనడు. అలా అనే హీరోని ఎవరైనా రాయండి.

కరీంనగర్ అమ్మ:
మీ మాటలన్నీ బాగున్నాయి బిడ్డా. కానీ ఈ కథల్లో ఉన్నవాళ్లంతా మాట్లాడగలిగినవాళ్లు, ఉద్యోగం చేసేవాళ్లు. మా బాబుకి ఇరవై దాటాయి, నాలుగైదు మాటలకంటే ఎక్కువ రావు. కింద వాటాలో అమ్మాయి వస్తే వాడి ముఖం వెలిగిపోతుంది, గేటు దగ్గరే నిలబడతాడు. అది ప్రేమ కాదని నేనెట్లా అంటాను? కానీ ఎవరైనా వాడిని మోసం చేస్తే, లేదా వాడే తెలియక ఆ పిల్లను ఇబ్బంది పెడితే అని నాకు రాత్రి నిద్ర ఉండదు. ఇంత కష్టమైన కథ ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే చివరికి వాడు అందరికీ ఆదర్శం అయిపోతాడు.

కాజీపేట జంక్షన్:
అమ్మా, మీ భయాన్ని దాదాపుగా తాకింది 2022 కొరియా సిరీస్ ‘ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ’. ఆటిజం ఉన్న లాయర్ వూతో కలిసి నడుస్తున్న అబ్బాయిని చూసి తెలిసినావిడ ఒకామె, ఇంకా సేవా కార్యక్రమాలు చేస్తున్నావా అని అడుగుతుంది. ఇద్దరూ ప్రేమలో ఉండొచ్చని ఆమెకి తట్టనే తట్టదు. ఆ ఒక్క ప్రశ్నతో ఊరంతా ఎలా చూస్తుందో తెలిసిపోయింది.

ఓరుగల్లు చదువరి:
ఆ సీన్ విషయంలో ఒప్పుకుంటా. అయితే వూ పాత్ర వేసిన పార్క్ యున్‌బిన్‌కి ఆటిజం లేదు, అక్కడ నాకు అభ్యంతరం ఉంది.

వడ్డేపల్లి అమ్మాయి:
నాకు అంత పట్టింపు లేదన్నా. నటి ఎవరైనా సర్దుకుంటాను, రాసేచోట మాత్రం మాలో ఒకరు కూర్చోవాలి. నటుల్ని మార్చి రచయితల్ని పాతవాళ్లనే ఉంచితే లిస్టులు, వాళ్లమ్మ టెన్షన్, అవే మళ్లీ వస్తాయి. అమ్మా, మీ బాబు గేటు దగ్గర నిలబడేది మీరే రాసి ఇక్కడ పెట్టండి, తప్పులుంటే నేను దిద్దుతాను.