గే పాత్రని గే నటుడే చేయాలా?

మూడోవరుస:
‘కాథల్’ (2023)లో మమ్ముట్టి చేసిన మాథ్యూ అనే గే పాత్ర మీద మొదలైన మాట వేరే టాపిక్‌లో దారి తప్పింది, అందుకే విడిగా పెడుతున్నా. నా మాట సూటిగా ఇదీ: గే పాత్ర రాసుకుంటే ముందు గే నటుల్ని వెతకాలి, దొరక్కపోతేనే మిగతావాళ్లు. ఎందుకంటే ఆ పాత్రలతో పేరు మాత్రం మిగతావాళ్లకే వస్తోంది. ఉత్తమ నటుడు ఆస్కార్ చూడండి. విలియం హర్ట్ (1985 సినిమా), టామ్ హాంక్స్ (1993), ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ (2005), షాన్ పెన్ (2008), రామీ మాలెక్ (2018), బ్రెండన్ ఫ్రేజర్ (2022). ఈ ఆరుగురిలో గేనని చెప్పుకున్నవారు ఒక్కరూ లేరు. అదే ఇయన్ మెకెల్లెన్ 1998 సినిమాతో, కోల్‌మన్ డొమింగో 2023 సినిమాతో గే పాత్రలే చేసి నామినేషన్ దగ్గరే ఆగిపోయారు.

నేపథ్యం:
మీ లెక్క తప్పు. ‘కిస్ ఆఫ్ ది స్పైడర్ వుమన్’లో హర్ట్ చేసిన మొలీనా తనని తాను ఆడదాన్నే అనుకుంటుంది. ఇవాళ్టి లెక్కలో అది ట్రాన్స్ పాత్ర. మాలెక్ చేసిన రాక్ గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ ఆడవాళ్లనీ ప్రేమించాడు. ఆరు కాదు, నాలుగు.

ఇంటర్వెల్:
మొలీనా పాత్ర ఉన్న నవల 1976 నాటిది. అప్పటి మాటల్లో ఈ తేడా ఎక్కడుంది?

మూడోవరుస:
నాలుగే అనుకుందాం. వాదన మారిందా? మొలీనాని మాత్రం తీయనివ్వను. ఆ సినిమా విడుదలైనప్పుడు అందరూ గే పాత్రగానే చూశారు, బహుమతీ అలా చూసే ఇచ్చారు.

నేపథ్యం:
తప్పు లెక్క మీద కట్టిన వాదన నిలబడదు. అయినా అసలు సంగతికి వద్దాం. ‘వెతకాలి’ అన్నారు, ఎలా? ఆడిషన్ ఫారంలో ఒక గడి పెడతారా? బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం కింద లైంగికత రక్షణ ఉన్న విషయం. ‘ఈ పనికి ఇది తప్పనిసరి’ అనే మినహాయింపు ఉంది కానీ, దాన్ని నిరూపించుకోవాల్సింది పని ఇచ్చేవాడే. అమెరికాలో 2020 జూన్‌లో సుప్రీంకోర్టు బోస్టాక్ తీర్పుతో గే అన్న కారణంగా ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధమైంది. గే కాదని వేషం ఇవ్వకపోయినా అదే చట్టం అడ్డొస్తుంది. కాస్టింగ్ వాళ్లు చేయగలిగింది ఒక్కటే: ఈ జీవితం తెలిసినవాళ్లు దరఖాస్తు చేస్తే సంతోషమని ప్రకటనలో రాయడం. ఎదురుగా కూర్చోబెట్టి అడగకూడదు, ఏజెంట్‌ని పక్కకి పిలిచి ఆరా తీయకూడదు.

మూడోవరుస:
ప్రకటనలో రాస్తే చాలు, నేనడిగేదీ అదే. 2021లో రస్సెల్ టి డేవిస్ ఎయిడ్స్ కాలం మీద రాసిన టీవీ సిరీస్ ‘ఇట్స్ ఎ సిన్’లో గే పాత్రలకి గే నటుల్నే తీసుకున్నాడు. సాధ్యం కాదంటున్నది అక్కడ జరిగింది కదా.

కత్తెర:
మీరిద్దరూ నటుడి దగ్గరే ఆగిపోయారు. ఈ పాత్రలు చెడేది ఎక్కువగా నటుడి తర్వాతే. నవ్వించే గే పాత్ర ఎలా తయారవుతుందో చూడండి. సెట్లో మామూలుగా మాట్లాడినవాడి గొంతు డబ్బింగ్‌లో ఒక మెట్టు పైకి వెళ్తుంది, ప్రతి వాక్యం చివర సాగదీస్తారు. రీరికార్డింగ్‌లో అతను ఫ్రేమ్‌లోకి రాగానే ఒక కొంటె బిట్ పడుతుంది. ఆ వెంటనే హీరో మొహం చిట్లించే రియాక్షన్ షాట్. ఈ మూడూ ఉన్నాక లోపల ఎంత గొప్ప నటుడున్నా అతను కనబడడు. ఇది పాత జబ్బు. హాలీవుడ్‌లో 1934 నుంచి 1968 దాకా నడిచిన, సినిమాల్లో ఏం చూపకూడదో చెప్పే హేస్ కోడ్‌లో, 1961లో సడలించేదాకా, గే సంగతిని సూచనగా చూపడానికి కూడా వీల్లేదు. అందుకే 1941 ‘మాల్టీస్ ఫాల్కన్’లో పీటర్ లోరీ పాత్ర రాకముందే గార్డెనియా పూల వాసన కొట్టే కార్డు వస్తుంది. మాటల్లో చెప్పలేనిది సెంటుతో చెప్పారు. కోడ్ పోయింది, ఆ గుర్తులు మాత్రం మన చేతుల్లో మిగిలాయి.

ప్రేమ సన్నివేశంలో ఇంకో తప్పు. చూపులు కలిశాక ఆడా మగా అయితే క్లోజప్ మీద 24 ఫ్రేములు, అంటే పూర్తి సెకను, ఆగుతాం. ఇద్దరు మగవాళ్లయితే భయపడి 10 ఫ్రేములకే కోస్తాం. చెయ్యి తగలబోయే ముందు వైడ్ షాట్‌కి వెళ్లిపోతాం. ప్రేక్షకుడికి ప్రేమ కనబడదు, మన జంకు కనబడుతుంది. సెట్లో ‘మీరిద్దరే చూసుకోండి’ అని వదిలేస్తే చేతులు భుజం తట్టే దగ్గరే ఆగిపోతాయి, స్నేహితుల కౌగిలిలా. ముందే స్క్రిప్టులో ప్రతి స్పర్శనీ విడదీసి, ఎక్కడ ఏ చెయ్యి, ఎన్ని లెక్కలు అని ఫైటు కంపోజ్ చేసినట్టు చేయాలి. ఒప్పుకున్నవి కాగితం మీద ఉండాలి, సెట్లో అవసరమైన వాళ్లే ఉండాలి. హెచ్‌బీవో 2018 నుంచి దీనికి ఇంటిమసీ కోఆర్డినేటర్‌ని పెట్టడం మొదలెట్టింది.

ఇంటర్వెల్:
10 ఫ్రేముల సంగతి చదివాక ఎన్ని సినిమాలు గుర్తొచ్చాయో.

మూడోవరుస:
కత్తెర గారూ, మంచి మాట. కానీ ఆ గదిలో ఒక్క గే మనిషి ఉన్నా ఆ కొంటె బిట్ దగ్గర ‘ఆపండి’ అనేవాడు.

నేపథ్యం:
అనేవాడా? అమెరికన్ టీవీ కామెడీ ‘విల్ అండ్ గ్రేస్’ 1998లో మొదలైంది. అందులో జాక్ అనే గే పాత్ర చేసిన షాన్ హేస్ నిజంగానే గే. ఆ సంగతి పైకి చెప్పింది 2010లో, షో తొలి విడత ముగిసిన నాలుగేళ్లకి. అప్పుడు మీ నియమం ఉంటే ఆయన రెండిట్లో ఒకటి చేయాలి: నోరు విప్పడం, లేదా వేషం వదులుకోవడం. ఇద్దరు అబ్బాయిల ప్రేమకథ ‘హార్ట్‌స్టాపర్’లో చేసిన కుర్రాడు కిట్ కానర్‌ని చూడండి. అప్పటికి 18 ఏళ్లు. జనం వెంటపడి 2022 అక్టోబరులో తను బైసెక్సువల్‌నని బలవంతంగా చెప్పించారు. మీలాంటి మంచి ఉద్దేశమున్న వాళ్లే ఆ పని చేసింది!

మూడోవరుస:
నన్ను వాళ్లతో కలపకండి. ఏ మనిషినీ గుచ్చి అడగమని నేను అనలేదు. పైన ‘ప్రకటనలో రాస్తే చాలు’ అన్న మాట మీరు చదవనే లేదు. మొలీనా దగ్గర్నుంచీ ఇదే వరస, ఒక్క ఈక పట్టుకుని లాగుతున్నారు.

నేపథ్యం:
ఈక కాదు. ప్రకటనలో రాసిన మర్నాడే ‘మరి తీసుకున్నవాడు గేనా?’ అని జనం అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టించింది మీ ప్రకటనే.

మూడోవరుస:
సరే, కోపంగానే చెప్తున్నా. నాకు గే పాత్రల మీద పట్టుదల లేదు. చెప్పుకున్న నటుడికి ప్రేమికుడి వేషాలు ఆగిపోతాయి, నా బాధ అది. అవి ఇవ్వరు, ఉన్న గే పాత్రలూ పెద్ద స్టార్లకి ఇస్తారు. అతను ఏం తినాలి?

నేపథ్యం:
ఈ మాట మొదటి పోస్టులో రాసి ఉంటే నేను మొలీనా జోలికి వెళ్లేవాణ్నే కాదు. కానీ ఆగిపోవని చూపినవాళ్లున్నారు. నీల్ పాట్రిక్ హారిస్ 2006లో గేనని చెప్పాక కూడా 2014 దాకా ‘హౌ ఐ మెట్ యువర్ మదర్’లో ఆడవాళ్ల వెంటపడే బార్నీగా నవ్వించాడు. గేనని చెప్పుకున్న జొనథన్ బెయిలీ 2022 ‘బ్రిడ్జర్టన్’లో రెండో సీజన్ మొత్తానికీ ప్రేమకథ నాయకుడు.

మూడోవరుస:
రెండూ టీవీ. రెండు పేర్లు చెప్పడానికి 16 ఏళ్లు దాటాల్సి వచ్చింది. ఆ తలుపు తెరుచుకునేదాకా ఈ చిన్న వాకిలైనా వాళ్లకి వదలమంటున్నా.

నేపథ్యం:
ఒకసారి ‘ఇది మీ వాకిలి’ అన్నాక పెద్ద తలుపు దగ్గర నిలబడితే ‘మీది అటు’ అంటారు. నాకు కావాల్సింది అతను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండా రెండిట్లోకీ వెళ్లడం.

మూడోవరుస:
చెప్పక్కర్లేదన్న మాటతోనే ఇన్నేళ్లూ చెప్పనివ్వలేదు. ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

కత్తెర:
వచ్చేసారి ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఆ 14 ఫ్రేములు తిరిగి పెట్టమని అడిగేవాళ్లు మీ ఇద్దరిలో ఎవరున్నా నాకు చాలు.