కపుల్స్ థెరపీ: బంధాన్ని నిలబెడుతుందా, విడిపోవడాన్ని వాయిదా వేస్తుందా?

సందేహి
మాది నాలుగేళ్ల బంధం. ఈమధ్య ఏ మాట మొదలైనా గొడవలోనే తేలుతోంది. థెరపిస్ట్ దగ్గరికి వెళ్దామని తను అంటోంది. నాకైతే, ఇద్దరి మధ్య విషయం మూడో మనిషి ముందు పెట్టాల్సి వచ్చిందంటే అప్పటికే కథ అయిపోయినట్టు అనిపిస్తుంది. గంటసేపు మాట్లాడించి పంపడం తప్ప వాళ్లు చేసేదేముంది? అదేదో ఇంట్లో మేమే మాట్లాడుకోలేమా? వెళ్లినవాళ్లూ, వెళ్లొద్దనేవాళ్లూ ఇద్దరూ చెప్పండి.

నత్తనడక
"ఇంట్లో మాట్లాడుకోలేమా" అని నేనూ అన్నాను, అందుకే చెబుతున్నా. మేం ఇంట్లో చేసేది మాట్లాడుకోవడం కాదు, వంతులేసుకుని వాదించుకోవడం. తను మాట్లాడుతున్నంతసేపూ నేను మనసులో జవాబు తయారుచేసుకునేవాణ్ని.

రెండో సెషన్‌లో తను నా ఆలస్యాల గురించి ఓ ఐదు నిమిషాలు చెప్పింది. అయ్యాక థెరపిస్ట్ నా వైపు తిరిగి, "ఆవిడ ఏమన్నారో మీ మాటల్లో చెప్పండి" అన్నారు. "లేటుగా వస్తున్నానట, పని ఎక్కువుందంటే వినదు" అన్నా. తను తల అడ్డంగా ఊపింది. మళ్లీ చెప్పమన్నారు. "నాకు ఇంటి ధ్యాస లేదంటోంది." అదీ కాదట. మూడోసారికి నాకు నిజంగానే చెమట పట్టింది. చివరికి తనే చెప్పింది: లేటవడం కాదు బాధ, వస్తానో రానో తెలియక ఫోన్ చూస్తూ కూర్చోవడం బాధ అని. ఆ ముక్క అంతకుముందు ఇరవైసార్లు చెప్పి ఉంటుంది. ఇరవైసార్లూ నేను "లేటు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. గొప్ప సలహాలేం ఇవ్వలేదు అక్కడ. నన్ను తప్పించుకోనివ్వలేదు, అంతే.

తర్కం
నత్తనడక గారి అనుభవాన్ని కాదనను. కానీ ఒక్క జంట కథ పట్టుకుని తేల్చలేం, లెక్కలు కూడా చూడాలి. అమెరికాలో ఆండ్రూ క్రిస్టెన్సెన్, నీల్ జేకబ్సన్ అనే సైకాలజిస్టుల బృందం 134 జంటలకు రెండు రకాల థెరపీ ఇచ్చింది. గరిష్ఠంగా 26 సెషన్లు. ఆ తర్వాత ఐదేళ్ల పాటు వాళ్లను గమనిస్తూ వచ్చింది. ఐదేళ్లకు చెప్పుకోదగ్గ మెరుగుదల ఉన్నది సుమారు సగం జంటల్లో. నాలుగో వంతుకు కొంచెం పైనే విడిపోయారు. బొమ్మా బొరుసూ వేసినట్టే కదా?

ఇంకోటి. దంపతుల మీద పరిశోధనలు చేసిన సైకాలజిస్ట్ జాన్ గాట్‌మన్ పద్ధతిలో ఎవరు విడిపోతారో 90 శాతం పైగా కచ్చితంగా చెప్పేయొచ్చని తెగ ప్రచారం. ఎవరు విడిపోయారో తెలిశాక, ఆ డేటాకు సరిపోయేలా అల్లిన సూత్రం అది. అలాంటి సూత్రాన్ని వేరే జంటల మీద పెడితే దాని జోరు బాగా తగ్గిపోతుందని హేమన్, స్లెప్ అనే పరిశోధకులు 2001లోనే చూపించారు. శాస్త్రం పేరుతో చెప్పే ప్రతిదానికీ తలూపకండి.

గాలిపటం
థెరపీకి చాలామంది జడ్జి కోసం వెళ్తారు. మా స్నేహితుల్లో ఒక జంట ఉంది. మొదటి సెషన్ అయ్యాక ఇద్దరూ విడివిడిగా నాకు ఫోన్ చేసి "నాదే రైటని తేలింది" అన్నారు :)

రెండు చేతులు
నేను ఈ వృత్తిలోనే ఉన్నాను. కాబట్టి నా మాటల్లో కొంత తరుగు తీసేసి చదవండి.

తర్కం గారూ, ఆ 134 జంటలు చిన్నచిన్న చిరాకులతో వచ్చినవాళ్లు కారు. ఏళ్ల తరబడి తీవ్రంగా నలిగినవాళ్లనే ఏరి తీసుకున్నారు. ఆ అధ్యయనంలో పోల్చి చూడటానికి థెరపీ అందని గుంపు లేదు, అది దాని లోటు. కానీ వేరే అధ్యయనాల్లో థెరపీ ఇవ్వకుండా వెయిటింగ్ లిస్టులో ఉంచిన జంటలు సగటున ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. వాళ్లంతట వాళ్లే సర్దుకోవడం అరుదు. ఆ లెక్కన, అంత నలిగినవాళ్లలో సగం మంది ఐదేళ్ల తర్వాత కూడా మెరుగ్గా ఉండటం నాకు చిన్న విషయంగా కనిపించదు.

గాట్‌మన్ జోస్యాల మీద మీ విమర్శ సరైనదే. ఆయన చెప్పినవాటిలో నాకు రోజూ పనికొచ్చేది వేరే ఉంది: జంటల మధ్య గొడవల్లో 69 శాతం ఎప్పటికీ తేలనివేనట. మనుషుల తత్వాల్లోంచి పుట్టే తేడాలవి. సందేహి గారు "మాట్లాడించి పంపడం తప్ప" అన్నారు కదా, సమస్యను తేల్చి పంపడం మా పని అనుకుంటే ఆ మాట నిజమే. మేం చూసేది గొడవ తిరిగే చక్రాన్ని. ఒకరు వెంటపడి అడుగుతారు, రెండోవారు ముడుచుకుపోతారు. ముడుచుకున్నకొద్దీ అడిగేవారి గొంతు పెరుగుతుంది, గొంతు పెరిగినకొద్దీ రెండోవారు ఇంకా ముడుచుకుంటారు. ఇద్దరూ "నువ్వే మొదలుపెట్టావు" అంటారు, ఇద్దరిదీ నిజమే. 1980లలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ రూపొందించిన ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీ అంతా ఈ చక్రం చుట్టూ అల్లుకున్నదే. కోపం కింద ఉన్న భయాన్ని బయటికి చెప్పించడం అందులో ముఖ్యం. "ఎప్పుడూ ఫోనే నీకు" అన్న మాట కింద "నేనంటే నీకు లెక్కుందా?" అన్న ప్రశ్న ఉంటుంది. దాన్ని ఆ రూపంలో అడగడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి.

కాలినచెయ్యి
అందరూ ఇద్దరూ సమానం అన్నట్టు మాట్లాడుతున్నారు. మా విషయంలో అలా లేదు. అతను నా ఫోన్ తీసి చూసేవాడు, ఎవరితో మాట్లాడాలో తనే నిర్ణయించేవాడు. కౌన్సెలర్ దగ్గర ధైర్యం చేసి ఆ సంగతి చెప్పాను. "ఇద్దరూ కొంచెం సర్దుకోవాలి" అన్నారు. ఆ మాటకు మూల్యం ఇంటికి వెళ్లే దారిలో కారులోనే కట్టాను. నాకు అప్పుడు కావలసింది బయటపడే దారి. దాన్ని ఇద్దరి సమస్యగా చూడటమే తప్పు.

రెండు చేతులు
కాలినచెయ్యి గారూ, మీ విషయంలో ఆ కౌన్సెలర్ చేసింది తప్పు. సర్దిచెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. భయం, బెదిరింపు, దెబ్బలు ఉన్నచోట ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టకూడదు. అందుకే మొదట్లోనే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, "ఇంట్లో నీకు భయంగా ఉంటుందా" అని అడగాలి. అలా అడగని థెరపిస్ట్ దగ్గరికి ఎవరూ వెళ్లొద్దు. సందేహి గారికి కూడా ఇదే మాట.

తర్కం
ఇది ముందే చెప్పాల్సింది. నేను శాతాల దగ్గరే ఉండిపోయాను. ఒక ప్రశ్న: ఒకరికి ఉండాలని, ఇంకొకరికి వెళ్లిపోవాలని ఉంటే? అప్పుడు థెరపీ పేరుతో ఏళ్లు గడిపేయడమే కదా?

రెండు చేతులు
దానికి మామూలు థెరపీ పనికిరాదు. విలియం డోహర్టీ అనే అమెరికన్ థెరపిస్ట్ ఆ పరిస్థితికే డిసర్న్‌మెంట్ కౌన్సెలింగ్ అని వేరే పద్ధతి తయారుచేశారు. గరిష్ఠంగా ఐదు సెషన్లు. ఉన్నది ఉన్నట్టు కొనసాగడమా, విడిపోవడమా, లేక కొన్ని నెలలు గట్టిగా ప్రయత్నించి చూడటమా అన్నది తేల్చుకోవడం వరకే. విడిపోవాలని తేలితే దాన్ని ఓటమిగా రాసుకోం.

సందేహి
నత్తనడక గారు చెప్పింది నిన్న రాత్రి ఇంట్లోనే చేసి చూశాను. ఎందుకు వెళ్దామంటోందో తనను చెప్పమని, నా మాటల్లో తిరిగి చెప్పాను: "నేను మారాలి అంటున్నావు." కాదంది. "మనం విడిపోతామని భయపడుతున్నావు." కాదంది. ఆ తర్వాత ఇంకేం చెప్పాలో నాకు తోచలేదు, తనూ ఏమీ అనలేదు. కాసేపయ్యాక ఫోన్ తీసి గురువారానికి అపాయింట్‌మెంట్ పెట్టింది. మొదట విడివిడిగా మాట్లాడతారా అని అడిగించాను, మాట్లాడతారట. తర్కం గారూ, నేనింకా మీ పక్షమే. ఓ ఎనిమిది సెషన్లయ్యాక ఇక్కడికే వచ్చి లెక్క చెబుతా.