మూడేళ్ళు ఆగితే లేబుల్ మీద లేని పువ్వు పూసింది. పేరుకు అమ్మినవాళ్ళ పూచీ ఎన్నాళ్ళు?

మిషిగన్ పెరడు:
అందరికీ నమస్కారం. 2021 సెప్టెంబర్‌లో పోస్టులో మూడు పియోనీ దుంపలు (చలి ప్రాంతాల్లో పెద్ద పెద్ద పూలు పూసే మొక్క) తెప్పించుకున్నాను. లేబుల్ మీద ‘కోరల్ చార్మ్’ అని ఉంది. ఆ పువ్వు ఫొటోలో చూడగానే అమ్మ మెడలోని పగడాల దండ గుర్తొచ్చింది. ఆ ఒక్క రకం కోసమే వెతికి మరీ ఆర్డర్ పెట్టాను. దుంప ఒక్కోటి 30 డాలర్ల పైనే పడింది.

2022లో ఆకులు తప్ప ఏమీ లేవు. 2023లో ఒక మొక్కకు బఠాణీ గింజంత మొగ్గ వచ్చి, నల్లబడి ఎండిపోయింది. 2024 మేలో అమ్మ వచ్చింది. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని నేరుగా ఆ మొక్కల దగ్గరికే వెళ్ళేది. మొగ్గ మీద చీమలు పాకుతున్నాయని పసుపు చల్లబోతే నేనే ఆపాను. మొగ్గ మీద ఊరే తీపి కోసం వస్తాయి అవి, వాటి వల్ల మొగ్గకు చెడేమీ జరగదు. జూన్ 8న అమ్మ తిరుగు ప్రయాణం. మొగ్గ 15న విచ్చింది. లేత గులాబీ రంగు! ఫొటో పంపితే, “బాగుందే, మన ముద్ద మందారంలా ఉంది. పగడం రంగన్నావు కదా మరి?” అంది.

మొదటి పువ్వును చూసి ఏదీ తేల్చుకోవద్దని చాలామంది చెప్తారు కదా, ఇంకో ఏడాది ఆగాను. ఈ జూన్‌లో రెండు మొక్కలకు కలిపి పదకొండు పువ్వులు. అన్నీ అదే గులాబీ. రేకల అంచులు వెండి పూసినట్టు తెల్లగా ఉన్నాయి, మధ్యలో కేసరాలు కనబడనంత ముద్ద, మంచి వాసన. నా లెక్కలో ఇది ‘సారా బెర్న్‌హార్ట్’ అనే వేరే రకం. మూడో మొక్క ఇంతవరకూ పూయనే లేదు.

ఫొటోలన్నీ పెట్టి అమ్మినవాళ్ళకు రాశాను. మా గ్యారంటీ ఒక్క ఏడాదే, అదీ మొక్క బతకడం వరకే అని జవాబు. పియోనీ తన అసలు పువ్వు చూపించడానికే మూడేళ్ళు పడుతుందని వాళ్ళే తమ కాగితంలో రాసి పంపారు. మరి ఏడాది గ్యారంటీకి అర్థం ఏమిటి? పేరు తప్పితే దాని పూచీ ఎన్నాళ్ళు ఉండాలి? మీరేమంటారు?

ఓహాయో తోట:
మీ బాధ అర్థమైంది, కానీ కొంచెం తొందరపడుతున్నారేమో అనిపిస్తోంది. నేను పద్దెనిమిదేళ్ళుగా పియోనీలు పెంచుతున్నాను. చిన్న మొక్క మీద ముద్ద రకం కూడా ఒక్కోసారి ఒంటి రేక పువ్వులా పూస్తుంది. బలం పుంజుకున్నాకే అసలు రూపం వస్తుంది. పైగా కోరల్ చార్మ్ రోజురోజుకీ రంగు మారే పువ్వు. విచ్చిన రోజు పగడం, నాలుగో రోజుకు మీగడ రంగు. ఎండ ఎక్కువైతే ఇంకా త్వరగా వెలిసిపోతుంది. ఐదో ఏడు దాకా చూడమంటాను.

ఇంకో మాట. జపాన్‌లో తోయిచి ఇతో అనే ఆయన 1948లో చెట్టు పియోనీని (కొమ్మలు కట్టెగా మారేది), మామూలు పియోనీని (ఏటా దుంప నుంచి లేచేది) కలిపి కొత్త రకం పుట్టించారు. ఆయన 1956లో పోయారు. ఆ మొక్కలు పూసింది ఆ తర్వాతే. ఇవాళ ‘ఇతో’ పియోనీలని మనం కొనుక్కుంటున్నవి ఆ వరుసలోవే. ఈ మొక్కను ప్రేమించేవాళ్ళకు ఎదురుచూపు తప్పదండి.

మిషిగన్ పెరడు:
తోట గారూ, రంగు వెలవడం గురించి నేనూ ఆలోచించాను. అందుకే ఈసారి ఒక పువ్వును విచ్చిన పొద్దుటి నుంచి రాలేదాకా రోజూ ఒకే చోట నిలబడి ఫొటో తీశాను. పగడం రంగు వెలిస్తే పసుపు కలిసిన మీగడ రంగుకు వెళ్ళాలి. ఇది మొదటి రోజే గులాబీ. వెలిసినా తెలుపుకే వెళ్ళింది, పసుపు ఛాయ ఏ రోజూ లేదు. కోరల్ చార్మ్‌కు రేకలు విచ్చుకున్నాక మధ్యలో పసుపు కేసరాల గుత్తి కనబడాలి, దీనికి లేదు. పూసే కాలం కూడా చూడండి. మా వీధి చివర ఇంట్లో కోరల్ చార్మ్ ఉంది, అది మే ఆఖరుకే పూసి అయిపోతుంది. నాది రెండేళ్ళూ జూన్ నడుమే పూసింది. సరైన మొక్క వచ్చి ఉంటే అమ్మ ఉండగానే పూసేది.

న్యూజెర్సీ సుమ:
కాలం మాట చాలు, ఇక అనుమానమే అక్కర్లేదు. బలం లేని మొక్క చిన్న పువ్వు పూస్తుంది, తక్కువ రేకలతో పూస్తుంది. అంతేగానీ తొలిగా పూసే రకం ఆలస్యంగా పూసే రకంగా మారిపోదు.

తోట గారూ, ఇతో గారి కథ నాకూ ఇష్టమే, కానీ ఇక్కడ అతకదు. ఏం పూస్తుందో ఎవరికీ తెలియని మొక్క కోసం ఆయన ఆగారు. ఈవిడ పేరు చూసి, ఆ పేరుకే డబ్బు కట్టి ఆగారు. కంచి పట్టని చెప్పి అమ్మిన చీర నాలుగు కట్లకు రంగు తేలితే, “ఏడాది దాటింది కదమ్మా” అంటే ఊరుకుంటామా? పేరుకు గ్యారంటీ పువ్వు పూసేదాకా ఉండాలి. పూసిన ఏడాది ఫొటో పంపితే డబ్బన్నా ఇవ్వాలి, మొక్కన్నా మార్చాలి. అలా రాసి ఇచ్చే పియోనీ తోటలు ఈ దేశంలో ఉన్నాయి, నేను వాళ్ళ దగ్గరే కొంటాను. రేటు ఎక్కువే. అయినా వాళ్ళ దగ్గరే కొంటాను.

హైదరాబాద్ మిద్దె తోట:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఆన్‌లైన్‌లో ఐదు రంగుల పియోనీ దుంపలని కొన్నాను. రెండేళ్ళయింది, ఒక్క మొగ్గ లేదు. నేనూ ఆగాలా?

న్యూజెర్సీ సుమ:
ఆగకండి అన్నా. పియోనీకి చలికాలంలో వారాల తరబడి గట్టి చలి తగలాలి, అప్పుడే మొగ్గ కడుతుంది. హైదరాబాద్ చలి దానికి సరిపోదు. మన దేశంలో అడవి పియోనీ ఉంది గానీ, కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో. మీకు వచ్చిన దుంప నిజంగా పియోనీయే అయినా అక్కడ పూయదు. ఆ కుండీలో ముద్ద మందారం పెట్టుకోండి.

కడియం అంటు:
మా నాన్నగారిది కడియం దగ్గర చిన్న నర్సరీ. నేను ఇల్లినాయ్‌లో ఉంటాను. అమ్మేవాళ్ళ వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలని రాస్తున్నాను, వాళ్ళను వెనకేసుకు రావడానికి కాదు.

పియోనీ విత్తనం నుంచి తల్లి పువ్వు రాదు, కాబట్టి దుంపను కళ్ళతో సహా ముక్కలు చేసే పంచుతారు. మన చెరకు ముచ్చెకు కళ్ళు చూసుకున్నట్టే, ఇక్కడ మూడు నుంచి ఐదు కళ్ళున్న ముక్కను మంచి ముక్క అంటారు. ఈ కోత అంతా ఆకులు పండిపోయాక, సెప్టెంబర్, అక్టోబర్‌లో జరుగుతుంది. అప్పుడు పువ్వు ఉండదు, ఆకు ఉండదు. గోధుమ రంగు దుంపలు, మట్టి అంటుకున్న చిలగడదుంపల్లా ఉంటాయి. వాటిలో కోరల్ చార్మ్ ఏదో, సారా ఏదో చూసి చెప్పగలిగేవాళ్ళు చాలా అరుదు. ఒక పెట్టె చీటీ ఊడి పక్క పెట్టెలో పడితే చాలు. సారా బెర్న్‌హార్ట్ పూల వ్యాపారం కోసం విపరీతంగా పండించే రకం, కలిస్తే అదే ఎక్కువ కలుస్తుంది.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. పోస్టులో పంపే చాలామంది ఆ మొక్కను తమ నేలలో పెంచరు. నెదర్లాండ్స్ నుంచో, ఇంకో టోకు వ్యాపారి నుంచో దుంపలు తెప్పించి, సంచిలో వేసి, ఫొటో అంటించి పంపుతారు. ఆ దుంప పూసిన పువ్వును వాళ్ళు కళ్ళతో చూసి ఉండరు. చూడని పువ్వుకు పేరు రాసి అమ్ముతున్నప్పుడు, ఆ పేరుకు పూచీ ఇంకా ఎక్కువ ఉండాలని నా అభిప్రాయం. పూచీ పడలేకపోతే లేబుల్ మీద ‘గులాబీ లేదా పగడం, రకం ఖాయం కాదు’ అని రాసి పది డాలర్లకు అమ్ముకోవచ్చు. కొనేవాళ్ళు కొంటారు.

మా ఊళ్ళో ఒకాయన నాన్న దగ్గర బంగినపల్లి అంటు అని కొన్న మొక్కకు నాలుగో ఏడు కాపు వస్తే, పీచు కాయలు. సంచిలో రెండు కాయలు వేసుకుని వచ్చి గుమ్మం ముందు పెట్టాడు. నాన్న వెళ్ళి చూస్తే అంటు కట్టిన కొమ్మ ఎప్పుడో చచ్చిపోయి, కింది నుంచి టెంక మొక్క చిగురే చెట్టయింది. తప్పు నాన్నది కాదు, ఆ మాట ఆయనతో అన్నాడు కూడా. అయినా రెండు కొత్త అంట్లు ఇచ్చి, అంటు కింద వచ్చే చిగుళ్ళు ఎలా గిల్లేయాలో దగ్గరుండి చూపించాడు. ఆ నాలుగేళ్ళు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు. మిషిగన్ అక్క విషయంలోనూ నాకు అదే బాధగా ఉంది. 90 డాలర్లు వెనక్కి వచ్చినా 2021 వెనక్కి రాదు.

(చెట్టు పియోనీ కొన్నవాళ్ళకు ఒక మాట: వాటిని మామూలు పియోనీ వేరు మీద అంటు కడతారు. పైది పోయి కిందిది లేస్తే పువ్వు మారిపోతుంది. లేబుల్‌ను తిట్టుకునే ముందు అంటు చూసుకోండి. కోరల్ చార్మ్‌కు ఆ గొడవ లేదు.)

ఓహాయో తోట:
రకం మారిందని ఒప్పుకుంటాను. పూసిన కాలం చెప్పాక నేను వాదించేది ఏమీ లేదు. కానీ గ్యారంటీ మాటకు ఇంకా ఒప్పుకోను. ఐదేళ్ళ పూచీ ఇవ్వమంటే చిన్న అమ్మకందారు ఎలా నిలబడతాడు? నేలలో మనం ఏం చేశామో వాళ్ళకేం తెలుసు? పాత ఇంటివాళ్ళ మొక్క వేరు ముక్క మిగిలి అదే లేచి ఉండొచ్చు, కొన్ని సంకర రకాల వేరు ముక్క నుంచి కూడా కొత్త చిగురు వస్తుంది. కొన్నవాళ్ళు రెండు రకాలు నాటి, ఏది ఎక్కడ పెట్టారో మరిచిపోవచ్చు. అందరి ఫొటోలకూ డబ్బు తిరిగి ఇస్తూ పోతే 30 డాలర్ల దుంప 60 అవుతుంది. అప్పుడు ఇప్పుడే మొదలుపెట్టే వాళ్ళు కొనలేరు. నా మొదటి పియోనీ సూపర్‌మార్కెట్ సంచిలో 8 డాలర్లకు దొరికింది. అదే లేకపోతే నేను ఈ తోటలోకే వచ్చేవాణ్ణి కాదు.

న్యూజెర్సీ సుమ:
8 డాలర్ల సంచి మీద ఎవరూ గ్యారంటీ అడగడం లేదండి. కడియం గారు చెప్పిందే అది. పేరు చెప్పి పేరుకు రేటు తీసుకున్నప్పుడే పూచీ.

యాన్ ఆర్బర్ నడక:
ఈ తగువు కొత్తది కాదు. అమెరికన్ పియోనీ సొసైటీ 1903లో ఏర్పడటానికి ఒక పెద్ద కారణం ఈ పేర్ల గందరగోళమే. ఒకే పువ్వును నలుగురు నాలుగు పేర్లతో అమ్మేవారు, నాలుగు పువ్వులకు ఒకే పేరు పెట్టేవారు. వాళ్ళు కార్నెల్ విశ్వవిద్యాలయంతో కలిసి దుంపలు తెప్పించి, పక్కపక్కన నాటి, పూసేదాకా ఆగి పోల్చి చూశారు. 1907లో పేర్ల జాబితా వేశారు. ఇప్పటికీ కొత్త పియోనీ పేరు నమోదయ్యేది ఆ సొసైటీ దగ్గరే. కోరల్ చార్మ్ 1964 నాటిది, 1986లో వాళ్ళ బంగారు పతకం వచ్చింది. సారా బెర్న్‌హార్ట్ 1906లో ఫ్రాన్స్‌లో లెమోయిన్ నర్సరీ తెచ్చింది. అంటే మీ పెరట్లో పొరపాటున వచ్చిన మొక్క వయసు నూటపందొమ్మిదేళ్ళు.

పెరడు గారూ, మీరు మిషిగన్‌లోనే ఉన్నారు కాబట్టి వచ్చే జూన్ మొదటి వారాల్లో యాన్ ఆర్బర్‌లోని నికల్స్ అర్బోరేటమ్ అనే చెట్ల తోటకు రండి. 1922లో అప్‌జాన్ అనే దాత ఇచ్చిన మొక్కలతో మొదలై, 1927లో జనానికి తెరిచిన పియోనీ తోట అది. పాత రకాలు వరుసలుగా, పేర్లతో ఉంటాయి. మీ పువ్వు ఫొటో పట్టుకుని పాత గులాబీల దగ్గర నిలబడి చూడండి. రంగు కన్నా రేకల అమరిక, కేసరాలు, వాసన, పూసిన వారం చూడాలి. ఫొటోలో రంగు మోసం చేస్తుంది, పొద్దున తీస్తే ఒకలా, మధ్యాహ్నం తీస్తే ఒకలా ఉంటుంది.

నా మాటగా ఒకటి. వాటిని పీకేయకండి. బాగా కుదురుకున్న పియోనీ యాభై ఏళ్ళు దాటి బతుకుతుంది. పేరు మాత్రం సరైనది రాసి పెట్టండి, రేపు ఎవరికైనా ముక్క ఇస్తే తప్పు పేరు వాళ్ళింటికి వెళ్ళకూడదు.

మిషిగన్ పెరడు:
అందరికీ చాలా థాంక్స్. పీకను. పాత ఇంటివాళ్ళ వేరు అనే అనుమానానికి చోటు లేదు తోట గారూ, ఆ మడి కొత్త మట్టి పోయించి నేనే కట్టాను. వేరే పియోనీ నేనెప్పుడూ కొనలేదు. అమ్మినవాళ్ళకు మళ్ళీ రాశాను. ఈసారి డబ్బు అడగలేదు. మీ దగ్గర అదే ఏడు కోరల్ చార్మ్ కొన్న మిగతా వాళ్ళకు చెప్పండి, వాళ్ళు ఇంకా ఎదురుచూస్తూ ఉంటారు అని రాశాను. జవాబు రాలేదు.

మీ మాటలు చదివాక ఇందాక పూయని మూడో మొక్క దగ్గర కూర్చుని వేళ్ళతో మట్టి తోడాను. పైన నాలుగేళ్ళుగా నేను వేస్తూ వచ్చిన చెక్కపొట్టు, దాని కింద మట్టి. బెత్తెడు లోతు దాటాక గానీ ఎర్రటి కన్ను వేలికి తగల్లేదు. రెండు అంగుళాలకు మించి లోతు ఉంటే పూయదని తెలిసి కూడా ఏటా పొట్టు వేస్తూ దాన్ని నేనే పాతిపెట్టాను. ఆ కళ్ళు నాలుగు, బొటనవేలి కొసంత లావున్నాయి. పైపొట్టు తీసేశాను. సెప్టెంబర్‌లో లేపి, ఎండ తగిలేచోట పైపైన నాటుతాను. దానికి రాసి పెట్టిన కోరల్ చార్మ్ చీటీ మాత్రం తీయలేదు.

కడియం అంటు:
లేపేటప్పుడు వేరు తెగకుండా దూరం నుంచి తవ్వండి అక్కా. తెగిన ముక్క మిగిలితే ఆ చోట కూడా చీటీ పెట్టండి.