రెండు కొండలు, మధ్యలో సూర్యుడు: ప్రైమరీ పిల్లలకి ‘సీనరీ’ నేర్పడం మానేద్దామా?

ఏటిగట్టు టీచరమ్మ

తోటి టీచర్లందరికీ నమస్కారం. నేను కోనసీమలో ఏటిగట్టు పక్కనే ఉన్న ప్రైమరీ బడిలో ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్ని). మొన్న స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో మొదలైన వాదన అక్కడ తేలలేదు, అందుకని ఇక్కడ పెడుతున్నాను.

మూడో తరగతి పిల్లలకి “మీ ఊరు గీయండి” అన్నాను. దాదాపు అందరూ ఒకటే బొమ్మ గీశారు. త్రికోణాల్లా రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కొండల్లోంచి వంకర తిరుగుతూ దిగే ఏరు, ఓ పూరిల్లు, పక్కకి వంగిన కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కు మార్కుల పక్షులు. మనం ‘సీనరీ’ అంటామే, మీ అందరికీ తెలిసిన ఆ బొమ్మే.

మా బడి డాబా ఎక్కి నాలుగు దిక్కులా చూసినా కొండన్నది కనబడదు. చూడాలంటే రాజమండ్రి దాటి పాపికొండల వైపు పోవాలి. మా పిల్లల్లో చాలామంది అంత దూరం వెళ్ళనే లేదు. వాళ్ళు రోజూ చూసేది రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు, కాలవ లాకులు, గుర్రపుడెక్క, కొబ్బరిచెట్టెక్కి కాయలు దింపు తీసేవాళ్ళు, రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి అందిస్తూ తిరిగే ఏరేటర్లు. ఇవేవీ కాగితం మీదికి రాలేదు. పూరిల్లు గీసిన పిల్లాడు ఉండేది డాబా ఇంట్లో!

నేననేది ఇది: ఐదో తరగతి దాకా టీచర్ బోర్డు మీద గీసి “ఇలా గీయండి” అనడం మానేయాలి. సీనరీ జోలికి అసలు పోకూడదు. మీరేమంటారు?

డ్రాయింగ్ మాస్టారు (రిటైర్డ్)

అమ్మా, డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పాసై, డ్రాయింగ్ టీచర్లకుండే టీటీసీ ట్రైనింగ్ చేసి, సర్వీసంతా హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పినవాణ్ణి. మీ బాధ అర్థమైంది. మీరు చెప్పిన పరిష్కారం మాత్రం ఒప్పుకోను.

ఆరో తరగతిలో చేరే పిల్లలకి తెల్లకాగితం ఇచ్చి చూడండి. చాలామంది పెన్సిల్ పట్టుకుని “నాకు రాదండి” అని కూర్చుంటారు. అలాంటివాళ్ళకి మొదటిసారి ‘నాకూ వచ్చింది’ అనిపించేది ఈ సీనరీతోనే. నిలువు గీత, వంకర గీత, త్రికోణం, అర్ధవృత్తం అన్నీ అందులోనే ఉన్నాయి. సంగీతానికి చేరిన పిల్లని మొదటిరోజే సొంత రాగం పాడమంటామా? సరళీ స్వరాలే మళ్ళీ మళ్ళీ పాడిస్తాం. మరి డ్రాయింగ్‌కి మాత్రం ఈ స్వేచ్ఛ గోలేమిటి?

మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారినే తీసుకోండి. 1897లో పుట్టారు, 1925లో మశూచితో పోయారు. 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన్ని ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర గుర్తించి, ప్రోత్సహించి బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపారు. అక్కడ పద్ధతిగా నేర్చుకోబట్టే చేయి అంత తిరిగింది. వదిలేస్తే వచ్చింది కాదు.

ముగ్గులపిండి

భీమవరం నుంచి. ఏటిగట్టు మేడమ్ గారూ, చూసి గీయడం తప్పయితే మన వాకిళ్ళలో ముగ్గే ఉండేది కాదండి. మా అమ్మని చూసి నేను నేర్చుకున్నాను, నన్ను చూసి మా అమ్మాయి వేస్తోంది. ధనుర్మాసంలో ఎదురింటి ముగ్గు బాగుంటే నోట్‌బుక్కులోకి ఎక్కించుకోని ఆడపిల్ల ఉంటుందా? అది కాపీయే కదా.

మా రెండో తరగతిలో నేల మీద సుద్దతో ముగ్గులే వేయిస్తాను, మగపిల్లల చేత కూడా. 7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేదాకా. పెట్టడం అయ్యాక మొత్తం ఎన్నో లెక్కపెట్టమంటాను. 37 రావాలి. 36 వచ్చినవాడు ఎక్కడ పోయిందా అని మోకాళ్ళ మీద పాకుతూ వెతుక్కుంటాడు. లెక్కల పీరియడ్ కూడా అందులోనే అయిపోతుంది.

సీనరీకి నేను వకాల్తా పుచ్చుకోను. చూసి గీయడమే పాపమంటే మాత్రం ఊరుకోను.

ఏటిగట్టు టీచరమ్మ

మాస్టారూ, బొంబాయి వెళ్ళేనాటికి రామారావు గారు కాలేజీ వయసు కుర్రాడు. నేను మాట్లాడుతున్నది ఎనిమిదేళ్ళ పిల్లల గురించి.

ముగ్గు మాటకి వెంటనే జవాబు తట్టలేదు. కానీ ఒక తేడా ఉంది. చుక్కలు పెట్టడం వచ్చాక పిల్లలు వాటిని తమకి తోచినట్టు కలుపుతారు. మా బడిలో ఒకమ్మాయి చుక్కల్ని కలిపి చేపలు చేసింది. సీనరీ నేర్చుకున్నవాడు మూడో కొండ కూడా వేయడు.

సీనరీ పక్కన పెడితే ఏం వస్తుందో చెప్తాను. మర్నాడు ప్రశ్న మార్చి “మీ నాన్న పని చేసే చోటు గీయండి” అన్నాను. రొయ్యల చెరువు మీద కాపలా ఉండే ఆయన కొడుకు ఒకడున్నాడు. వాడి కాగితం నిండా చెరువే. చెరువు పైనుంచి చూసినట్టు నలుపలకలుగా ఉంది. ఏరేటర్లు మాత్రం పక్కనుంచి చూసినట్టు, చక్రాలూ ఎగిరే నీళ్ళూ. లోపల రొయ్యలు, ఒక్కోటీ మనిషంత. గట్టు మీద వాళ్ళ నాన్న, చేతిలో టార్చిలైటు. ఆ పసుపుపచ్చ వెలుగు చెరువు దాటి కాగితం అంచుదాకా పోయింది. ఓ మూల చిన్న డబ్బా ఉంటే “అదేంట్రా?” అన్నాను. “కరెంటు పోతే మోగుద్ది టీచర్. నాన్న లేచి జనరేటర్ వెయ్యాలి. లేకపోతే గాలందక రొయ్యలన్నీ పోతాయి” అన్నాడు.

ముందురోజు రెండు కొండలు గీసింది కూడా వీడే.

లంకబడి

మీ ఇద్దరి వాదనా బాగుందండి ఆయ్, నా బాధ మాత్రం వేరు. మాది గోదావరి మధ్య లంకలో ఏకోపాధ్యాయ బడి. ఐదు తరగతులకీ నేనొక్కణ్ణే. 2021లో చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ వచ్చాక వచ్చినవాళ్ళంతా పిల్లలు చదువుతున్నారా, లెక్క చేస్తున్నారా అనే చూస్తున్నారు. బోర్డు మీద ఓ సీనరీ గీసి చిన్నపిల్లల్ని అటు తిప్పితే ఆ అరగంటలో ఐదో తరగతికి భాగహారం చెప్పుకుంటాను. అది కళ అని నేనూ అనట్లేదు. నాకు ఊపిరి పీల్చుకునే టైమ్.

డ్రాయింగ్ టీచర్ని అడగండి అనకండి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆర్ట్‌కి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ అన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ పిల్లలు 100 మంది దాటితేనే. మనకి మనమే దిక్కు.

రంగుల సంగతి ఒకటి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. క్రేయాన్లు కొన్నన్నాళ్ళు ఉండవు, విరిగి ముక్కలైపోతాయి. మేం చుట్టుపక్కల దొరికేవాటితో చేసుకుంటాం. శంఖుపూలు వేణ్ణీళ్ళలో నలిపితే నీలం. అందులో నిమ్మకాయ పిండితే కళ్ళముందే ఊదా రంగుకి తిరుగుతుంది, ఆ క్షణాన బడి దద్దరిల్లిపోతుంది. బచ్చలిపండ్లు చిదిమితే ముదురు గులాబీ. లేత టేకాకు నలిపితే ఎరుపు. పసుపులో సున్నం కలిపితే పారాణి. సున్నం నేనే కలుపుతాను, కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పిల్లల చేతికివ్వను. ఒండ్రుమట్టి, ఇటుకపొడి, బొగ్గు సరేసరి, కాకపోతే వాటిలో కాస్త తుమ్మజిగురు వేయాలి. లేకపోతే ఆరాక దులిపితే మొత్తం రాలిపోతుంది. కుంచె అంటారా, ఈతమట్ట పుల్ల చివర రాయితో నలగ్గొడితే పీచు లేస్తుంది, చాలు. పూల రంగులు ఎండ తగిలితే వెలిసిపోతాయి, అది మాత్రం ముందే చెప్పుకోవాలి.

రంగులు చేసిన రోజున బోర్డు మీద బొమ్మ కావాలని ఎవడూ అడగడు. అయితే అది శనివారం పని. మిగతా రోజుల్లో నాకు సీనరీయే గతి.

పాలకొల్లు అమ్మ

నేను టీచర్ని కాదు, తల్లిని. చదివి ఊరుకుందామనుకున్నాను గానీ మీ చర్చలో మా ఊసే లేదు. పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు మేం గోడ మీది బొమ్మలు చూస్తాం. ప్రైవేటు బళ్ళలో రంగు గీత దాటకుండా, అన్నీ ఒక్కలాగే మెరుస్తుంటాయి. కొన్నింటికి టీచర్ల చేయి పడిందని తెలుస్తూనే ఉంటుంది. అయినా “అబ్బ, ఎంత నీట్‌గా ఉందో” అంటాం. అది చూసి మీరూ అలాంటివే అంటిస్తారు.

మా వాడు గేదెకి నీలం రంగు వేశాడు. వాళ్ళ నానమ్మ “నీలం గేదె ఎక్కడుందిరా” అని పకపకా నవ్వింది. అంతే, మళ్ళీ గేదె గీయలేదు. కలరింగ్ బుక్ కొనిస్తే అందులో బుద్ధిగా వేసుకుంటున్నాడు. అది తప్పంటారా?

క్లస్టర్ తమ్ముడు

అక్కా, పిల్లల బొమ్మల మీద పని చేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆయన కలరింగ్ పుస్తకాలంటేనే మండిపడేవాడు. అచ్చువేసిన కుక్కని చూశాక పిల్లాడికి తను గీసిన కుక్క కుక్కలా కనబడదని ఆయన గోల. నేను అంత దూరం పోను. రైల్లో కూర్చోబెట్టడానికి కలరింగ్ బుక్ బాగానే పనికొస్తుంది. గేదెని మాత్రం మళ్ళీ గీయించండి. కాలవలోంచి అప్పుడే లేచిన గేదె ఒంటి మీద ఎండ పడితే నీలంగానే మెరుస్తుంది. వాణ్ణి తీసుకెళ్ళి చూపించండి, నానమ్మని కూడా.

మేడమ్ చెప్పిన చెరువు బొమ్మకీ ఇదే మాట. ఆ వయసు పిల్లలు కంటికి కనబడింది గీయరు, తమకి తెలిసింది గీస్తారు. నీళ్ళలో రొయ్య ఉందని తెలుసు, ముఖ్యమైనదనీ తెలుసు, కాబట్టి మనిషంత గీస్తారు. దాన్ని దిద్దకూడదు.

మెట్ట టీచర్

గోకవరం వైపు నుంచి ఒక్క మాట. మా బడిలో పోలవరం ముంపు ఊళ్ళ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలున్నారు. వాళ్ళు కొండా ఏరూ గీస్తారు. అది చాలా చిన్నప్పుడు వదిలేసి వచ్చిన ఊరు, ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ తలుచుకునే ఊరు. మీరు ‘కొండలు గీయకూడదు’ అని రూల్ పెడితే వీళ్ళ కాగితాలు కూడా అందులోనే కొట్టుకుపోతాయి. అడగకుండా ఏ బొమ్మనీ సీనరీ అని కొట్టేయకండి.

డ్రాయింగ్ మాస్టారు (రిటైర్డ్)

మెట్ట టీచర్ గారు చెప్పింది అందరూ రాసిపెట్టుకోండి.

అమ్మా, చెరువు బొమ్మ బాగుంది, కాదనను. కానీ ఆ పిల్లాడు ఐదో తరగతికి వచ్చాక ఏం చేస్తారు? తొమ్మిది, పదేళ్ళొచ్చేసరికి పిల్లలకి తమ బొమ్మ తమకే నచ్చడం మానేస్తుంది. రొయ్య మనిషంత ఉందని పక్కవాడు నవ్వకముందే వీడే చెరిపేస్తాడు. చెరిపి చెరిపి కాగితం చిరుగుతుంది, ఆ తర్వాత గీయడమే మానేస్తాడు. అప్పుడు కూడా మీరు “నీ ఇష్టం వచ్చినట్టు గీయి నాన్నా” అంటే వాణ్ణి నట్టేట ముంచినట్టే. వాడికి కావాల్సింది ఇష్టం కాదు, ఉపాయం. దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా ఎందుకు కనబడుతుందో, కాలవ రెండు గట్లూ దూరం పోయేకొద్దీ ఎందుకు దగ్గరికొస్తాయో ఎవరో ఒకరు చెప్పాలి. గట్టు మీద నిలబెట్టి, చేతిలో పెన్సిల్ నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి ‘ఈ చెట్టు పెన్సిల్లో ఎంతుంది, ఆ చెట్టు ఎంతుంది’ అని కొలిపిస్తే పిల్లలు నోరెళ్ళబెడతారు. హైస్కూల్లో నా దగ్గరికి “నాకు రాదండి” అంటూ వచ్చినవాళ్ళు చేయి లేనివాళ్ళు కాదు. నాలుగు, ఐదు తరగతుల్లో చెప్పేవాళ్ళు లేక వదిలేసినవాళ్ళు.

ఏటిగట్టు టీచరమ్మ

నాలుగు, ఐదు తరగతుల విషయంలో మీకు ఎదురు చెప్పలేను మాస్టారూ. కానీ మీరు చెప్పిన ఈ ఉపాయాల్లో ఒక్కటైనా సీనరీలో ఉందా? అందులో ఏరు కొండ దగ్గరా ఇంటి దగ్గరా ఒకటే వెడల్పు. కొబ్బరిచెట్టు ఇంటికన్నా పొట్టి. మీరు గట్టు మీద నిలబెట్టి చెప్పేది చూడటం. బోర్డు మీది సీనరీ చూడక్కర్లేకుండా చేస్తుంది, నా గొడవంతా దాని మీదే.

ముగ్గులపిండి

సంక్రాంతి సెలవులయ్యాక ప్రభలు గీయించండి, అదే, దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసుకెళ్ళే ఎత్తైన అలంకారాలు. కోనసీమ పిల్లలకి జగ్గన్నతోట తీర్థం గురించి చెప్పక్కర్లేదు. కనుమనాడు 11 ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి, దారిలో కౌశిక ఏట్లో నీళ్ళున్నా భుజాల మీద దాటించేస్తారు. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం కూడా ఈ ప్రభల తీర్థమే. పోయినేడాది అమలాపురం దగ్గర మా చెల్లెలి బడిలో గీయిస్తే, ఒక పిల్ల ప్రభ కింద కాళ్ళు మాత్రమే గీసిందట, కాగితం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. మోసేవాళ్ళ తలకాయలు లేవు. అది పొట్టిది కదా, జనంలో దానికి అంతే కనబడి ఉంటుంది.

క్లస్టర్ తమ్ముడు

బాగుంది గానీ ఒక హెచ్చరిక. ప్రభ ఎలా గీయాలో ఎవరో ఒకరు బోర్డు మీద స్టెప్పుల వారీగా గీస్తారు, అది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, వచ్చే ఏడాదికల్లా జిల్లా అంతా ఒకటే ప్రభ ఉంటుంది. పైగా మండల స్థాయి పోటీల్లో నీట్‌గా ఉన్నదానికే ప్రైజు. జడ్జీలు మారనంత కాలం మనం ఇక్కడ ఎంత మాట్లాడినా పిల్లలు కోచింగ్‌లో నేర్చిందే గీస్తారు.

డ్రాయింగ్ మాస్టారు (రిటైర్డ్)

జడ్జీగా నన్నూ పిలుస్తుంటారు. ఇచ్చే టైమ్ గంటన్నర, వచ్చే బొమ్మలు కుప్పలు. నీట్‌గా ఉన్నది ముందు కంటికి కనబడటం సహజం తమ్ముడూ, జడ్జీని తిట్టేముందు అదీ చూడు. అంశం ‘మా ఊరు’ అని కాకుండా ‘మా రేవు’, ‘మా వీధి కుళాయి దగ్గర’ అని ఇస్తే సగం కోచింగ్ బొమ్మలు అక్కడే ఆగిపోతాయి. నిర్వాహకులకి చెప్పి చూస్తాను.

టీచరమ్మగారూ, మీ నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి ఓ శనివారం గట్టు పాఠం నేను చెప్తాను. ఒళ్ళో పెట్టుకోవడానికి అట్టముక్కలు ఉండాలి, పిల్లలు నీళ్ళలోకి దిగకుండా పెద్దవాళ్ళు ఇద్దరు కావాలి. సీనరీ మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. “నాకు రాదు” అన్నవాడికి మొదటి మెట్టుగా అదే ఇస్తాను.

ఏటిగట్టు టీచరమ్మ

రండి మాస్టారూ, చాలా సంతోషం. అట్టలు రెడీగా పెడతాను, ఇద్దరు తల్లుల్ని తోడు అడుగుతాను. మధ్యాహ్నం భోజనం పిల్లలతోనే. ఒకటి, రెండు తరగతుల గదిలో మాత్రం మీ చేతికి సుద్దముక్క ఇవ్వను, ముందే చెప్తున్నాను. లంకబడి గారూ, వీలైతే మీరూ రండి, ఆ శంఖుపూల పని మా వాళ్ళకి చూపించాలి. నిమ్మకాయలు నేను తెస్తాను.