పాత సీసీ మీదే కొత్త సీసీ వేయనివ్వాలా? తవ్వి వేసేదాకా పని ఆపాలా?

మాధవధార దిగువ వరస | శుక్రవారం రాత్రి

విశాఖ మాధవధారలో మా వీధికి సీసీ (సిమెంటు కాంక్రీటు) రోడ్డు శాంక్షన్ అయింది. పన్నెండడుగుల వీధి, నూట పది మీటర్ల పొడవు, పందొమ్మిది ఇళ్లు. పై చివర కొండ మెట్ల దగ్గర ఆగిపోతుంది, కింది చివర మెయిన్ రోడ్డులో కలుస్తుంది. ఇవాళ వార్డు సచివాలయానికి వెళ్లి అడిగాను. పాత రోడ్డు తియ్యరట. దాని మీదే అయిదంగుళాల కొత్త పొర పోస్తారట. ఎస్టిమేట్ అలాగే వేశారట. పది రోజుల్లో పని మొదలు.

నేను వద్దంటున్నాను. వీధిలో సగం మంది నన్ను రోడ్డుకి అడ్డం పడుతున్న మనిషిలా చూస్తున్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

1989లో మా మావగారు ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి మూడు మెట్లు ఎక్కితే గానీ అరుగు మీదకి వచ్చేవాళ్లం కాదు. అప్పుడు మట్టి రోడ్డు. మొదటి సీసీతో ఒక మెట్టు పోయింది. హుద్‌హుద్ వచ్చి వెళ్లిన రెండేళ్లకి ఇంకో పొర వేశారు, రెండోదీ పోయింది. మిగిలిన మెట్టు సగం సిమెంటులో కూరుకుని ఉంది. గేటు తెరుచుకోవడానికి అడుగున కోయించాం. ఆవరణ ఎప్పుడో రోడ్డు కిందకి పోయింది, సంపు మూత కూడా దానితోనే. ఇప్పుడు మరో అయిదంగుళాలంటే వీధిలోంచి ఇంట్లోకి దిగాలి.

2021 సెప్టెంబరు 26, గులాబ్ తుఫాను రాత్రి గుర్తుందిగా. కొండ మీద నుంచి వచ్చిన నీళ్లు మా గేట్లోంచి లోపలికి వచ్చాయి. మా ఆయనా నేనూ గోనె సంచుల్లో ఇసుక నింపి గేటుకి అడ్డం వేశాం, ఆగలేదు. మా అత్తగారిని మంచంతో సహా వెనక గదిలోకి జరిపాం. తెల్లారి సంపు తెరిస్తే నీళ్లు టీ రంగులో ఉన్నాయి. మోటారు పెట్టి తోడించి, బ్లీచింగ్ వేసి కడిగితే అడుగున ఒక చంటిపిల్లాడి చెప్పు దొరికింది. మా ఇంట్లో చంటిపిల్లలు లేరు. వారం రోజులు పక్క వీధి నుంచి బిందెలతో నీళ్లు మోశాను.

మీ వీధుల్లో ఎవరైనా పని ఆపించి, తవ్వించి వేయించుకున్నారా? నేను అడిగేది తప్పా?

పై చివర ఇల్లు | శుక్రవారం రాత్రి

అక్కా, నేను మీ వీధి వాడినే. ఎవరో మీకు తెలిసిపోతుంది, ఫరవాలేదు, మొహం మీద చెప్పాల్సిన మాటే చెప్తున్నాను.

నాన్నగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. మీ ఇల్లు దాటాక కుళాయి కనెక్షన్ల కోసం తవ్విన చోట్లన్నీ గుంటలే. ఆటో అతను పై నుంచి ఆరో ఇంటి దగ్గర ఆపేసి ఇక రాను అంటాడు. పోయిన నెల వాన పడిన రోజు నాన్నని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనూ మా బావా మోసుకొచ్చాం. డయాలసిస్ అయ్యాక మనిషి ఎంత నీరసంగా ఉంటాడో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆ కుర్చీ ఊగినప్పుడల్లా ఆయన నా చొక్కా పట్టుకుంటున్నారు.

నాలుగేళ్లు తిరిగితే ఈ పని వచ్చింది. ఇప్పుడు ఎస్టిమేట్ మార్చమంటే ఫైలు వెనక్కి వెళ్తుంది. వెనక్కి వెళ్లిన ఫైలు ఎప్పుడు వస్తుందో చెప్పగలరా? మీకు వచ్చేది ఏడాదికి ఒకట్రెండు రాత్రుల కష్టం. మాకు వారానికి రెండుసార్లు.

రిటైర్డ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), సీతమ్మధార | శనివారం ఉదయం

ముప్పై ఏళ్లు ఈ పనే చేశాను కాబట్టి నాలుగు మాటలు.

పొర మీద పొర ఎందుకు వేస్తారంటే సులువు. బద్దలు కొట్టే ఖర్చు లేదు, శిథిలాలు ట్రాక్టర్లకెత్తి పారబోసే పని లేదు, కింద కుళాయి పైపులు పగిలే గొడవ లేదు. అదే డబ్బుతో ఇంకో వీధి కూడా కవర్ అవుతుంది. వార్డులో ప్రతి వీధి వాళ్లూ అడుగుతున్నప్పుడు అది చిన్న విషయం కాదు. నేనూ అలాంటి ఎస్టిమేట్లు వేశాను. ఇప్పుడు ఆలోచిస్తే కొన్ని వేయకుండా ఉండాల్సింది అనిపిస్తుంది.

పాత సీసీ పగిలి, కింద మట్టి జారి ఊగుతుంటే దాని మీద పోసిన కొత్త పొర కూడా అదే గీతలో పగులుతుంది. కింది పగులు పైకి వస్తుంది, ఆపలేం. తక్కువ ట్రాఫిక్ ఉండే సీసీ రోడ్లకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లవి ఐ.ఆర్.సి. ఎస్.పి. 62 అని మార్గదర్శకాలున్నాయి. కింద గట్టి బేస్, దాని మీద కనీసం 150 మిల్లీమీటర్ల కాంక్రీటు, అంటే ఆరంగుళాలు. బేస్ చెడిపోయిన చోట పైన అయిదంగుళాలు పోసి ఆ లోటు తీర్చలేం.

లెవెల్ సంగతి మన ఒక్క ఊరిదే కాదు. 2021లో తమిళనాడు ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఇరై అన్బు గారు, పాత పొర గీకేశాకే కొత్తది వెయ్యాలి, రోడ్డెత్తు పెరిగి ఇళ్లలోకి నీళ్లు రాకూడదు అని ఉత్తర్వు ఇచ్చారు. తారు రోడ్డయితే గీకే మిషన్ ఉంటుంది. సీసీకి బద్దలు కొట్టే బ్రేకరే గతి, అందుకే ఎవరూ ముట్టుకోరు.

అమ్మా, మీరు అడిగేది తప్పు కాదు. కానీ "పని ఆపండి" అని కాగితం పెట్టకండి. "లెవెల్ పెంచకుండా చెయ్యండి" అని పెట్టండి. ఈ రెండూ వేరు.

గాజువాక నుంచి | శనివారం ఉదయం

ముందు ఒకటి కనుక్కోండి. మీ వీధికి భూగర్భ డ్రైనేజీ పైపు గానీ, కొత్త మంచినీళ్ల లైను గానీ రాబోతోందా? మా వీధిలో సీసీ వేసిన మూడు నెలలకే పైపుల కోసం నడిమధ్య తవ్వారు. ప్యాచ్ వేశారు, కుంగింది, మళ్లీ వేశారు, మళ్లీ కుంగింది. కరెంటు కేబుళ్లు భూమిలోకి దింపినప్పుడు మీ ఊరి మధ్య వాళ్లూ చూసే ఉంటారు. రాబోయే పైపులేవైనా ఉంటే అవి అయ్యాకే రోడ్డు. సచివాలయంలో నోటితో అడగడం కాదు, రాసిచ్చి అడగండి.

పై చివర ఇల్లు | శనివారం మధ్యాహ్నం

ఏఈ గారూ, మీరు చెప్పినది అర్థమైంది. కానీ తవ్వితే వీధి ఎన్నాళ్లు మూసేస్తారు? మాకు ఇంకో దారి లేదు, వెనక కొండ. కాంక్రీటు గట్టిపడడానికి 28 రోజులు అంటారు. ఎనిమిది డయాలసిస్‌లు అండీ అవి. ఆ ఎనిమిది సార్లు ఎవరు మోస్తారు?

సీసీ మేస్త్రి, కంచరపాలెం | శనివారం సాయంత్రం

తమ్ముడూ, నేను ఈ రోడ్లే పోస్తాను. ఒక మాట చెప్తాను, కోపం పెట్టుకోవద్దు.

28 రోజులనేది పూర్తి బలం రావడానికి. ఆటో లాంటి తేలిక బండికి అంతదాకా ఆగక్కర్లేదు గానీ, కనీసం పది పన్నెండు రోజులు ఏ బండీ ఎక్కనివ్వకూడదు. అది తవ్వి పోసినా, తవ్వకుండా పాత దాని మీద పోసినా ఒకటే. అంటే మీరు కోరుకున్నట్టు పైపొర వేసినా ఆ పన్నెండు రోజులు మీ నాన్నగారిని మొయ్యాల్సిందే. ఈ సంగతి మీకెవరూ చెప్పినట్టు లేదు.

తవ్వడం వల్ల ఎక్కువయ్యేది నాలుగైదు రోజులు. జేసీబీకి బ్రేకర్ తగిలిస్తే మీ వీధంతా రెండు రోజుల్లో బద్దలవుతుంది. శిథిలాలు ఎత్తి, కంకర చిప్స్ పోసి రోలర్ తొక్కిస్తే ఆ చిప్స్ మీద ఆటో మెల్లగా వెళ్తుంది, ఇప్పటి గుంటల కన్నా నయమే. అసలు భయం ఎక్కడంటే కుళాయి పైపుల దగ్గర. పాత కనెక్షన్లు అడుగు లోతు కూడా ఉండవు. అక్కడ బ్రేకర్ పెట్టకుండా గునపంతో, చేత్తో కొట్టించాలి. దగ్గర నిలబడి చూసుకోండి.

ఇంకోటి. పోసిన రోజే అందరూ వచ్చి చూస్తారు, ఫోటోలు తీస్తారు. మర్నాటి నుంచి ఎవరూ కనపడరు. అసలు పని అప్పుడే మొదలు. మర్నాటికల్లా పగుళ్లు రాకుండా రోడ్డుకి అడ్డంగా గాడులు కొయ్యాలి, చిన్న చిన్న మట్టి గట్లు కట్టి నీళ్లు నిలబెట్టాలి. నీళ్లు పెట్టే కుర్రాడు మధ్యాహ్నం ఎండకి రాకపోతే ఆ రోడ్డు పిండి రాలుతుంది. మీ వీధి వాళ్లే వంతులు వేసుకుని తడుపుకోండి. అలా తడుపుకున్న వీధుల్లో నేను పోసిన రోడ్లు ఇంకా బాగున్నాయి, వెళ్లి చూసుకుంటూనే ఉంటాను.

జ్ఞానాపురం వాసి | శనివారం రాత్రి

మీరంతా రోడ్డు దగ్గరే ఆగిపోయారు. కాలువ సంగతి ఎవరూ ఎత్తలేదు.

వాన పడితే పల్లంలో ఉన్న చావులమదుం దగ్గర నీళ్లు ఎలా నిలుస్తాయో ఊరందరికీ తెలుసు. పల్లంలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. మన ఊరు కొండల మధ్య ఉంది, కొండ నీళ్లన్నీ గెడ్డల్లోంచే, అంటే వాగుల్లోంచే, సముద్రానికి పోవాలి. గెడ్డ మీద ఇళ్లు, గెడ్డలో చెత్త. పైన ప్రతి వీధీ గోడ నుంచి గోడ దాకా సీసీ అయిపోయింది, చుక్క ఇంకే చోటు లేదు. పది నిమిషాల వానకే నీళ్లు దూసుకొచ్చి మా మీద పడతాయి. రోడ్డు రెండంగుళాలు దింపినా, మీ పక్క కాలువ పూడిపోయి ఉంటే నీళ్లు మళ్లీ ఆమె గేట్లోకే వస్తాయి. మీరు అడగాల్సింది కాలువ పూడిక, దాని అవుట్‌లెట్. దయచేసి చెట్ల మొదళ్ల చుట్టూ కాస్త మట్టి కూడా వదిలేయమనండి. మొదలు దాకా సిమెంటు పోసిన చెట్టే గాలికి ముందు పడేది.

మాధవధార దిగువ వరస | శనివారం రాత్రి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారిని కుర్చీలో మోస్తుంటే మా అత్తగారు కిటికీలోంచి చూసి నాకు చెప్పారు. నేను ఆ రోజు బయటకి రాలేదు. రావాల్సింది.

కానీ "ఒకట్రెండు రాత్రులు" అన్నావే, ఆ మాట ఒప్పుకోను. అక్టోబరు వస్తే మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. వాయుగుండం అని టీవీలో వస్తే చాలు టెన్షన్, ముందు బియ్యం డబ్బా మంచం మీద పెడతాను. నీ ఇల్లు రోడ్డుకి రెండడుగుల ఎత్తున ఉంది. ఈ పొర వల్ల నీకు పోయేది ఏమీ లేదు, మాకు పోతే ఇక తిరిగి రాదు. ఇల్లు లేపడం మా వల్ల కాదు కదా.

కాలువ గురించి జ్ఞానాపురం వారు చెప్పింది నిజం. మా కాలువ మీద నాలుగిళ్ల వాళ్లు పలకలు వేసి ర్యాంపులు కట్టుకున్నారు. అందులో మాదొకటి. తీసేస్తాం.

అద్దె ఇల్లు, అదే వీధి | శనివారం రాత్రి

మేం పదకొండో ఇంట్లో కింద వాటాలో ఉంటాం. ఓనర్ ఈ ఊళ్లో ఉండరు, ఆయనకి రోడ్డు వస్తే చాలు. నీళ్లు వచ్చేది మాకు. సంతకాలు తీసుకుంటే అద్దెకున్నవాళ్లవి కూడా తీసుకోండి.

రిటైర్డ్ ఏఈ, సీతమ్మధార | శనివారం రాత్రి

చర్చ మంచి దారిలో పడింది. ఇప్పుడు చెయ్యాల్సింది కొలత. "మా ఇళ్లు మునుగుతున్నాయి" అంటే ఏ ఇంజినీరైనా విని ఊరుకుంటాడు. "ఏడో నంబరు ఇంటి ఆవరణ రోడ్డుకి రెండంగుళాలు కింద" అంటే దిగి వచ్చి చూడాల్సిందే.

టేపు, ట్యూబ్ లెవెల్ (నీళ్లు నింపి ఎత్తు పోల్చే ట్యూబు) చాలు. ప్రతి ఇంటి ముందు రోడ్డు మధ్య నుంచి గుమ్మం ఎంత ఎత్తు, ఆవరణ ఎంత, సంపు మూత ఎంత, మూడే అంకెలు. వీధంతా తవ్వక్కర్లేదేమో కూడా అప్పుడు తెలుస్తుంది. మీది వాలు వీధి. పైన ఎత్తు మీదున్న ఇళ్ల దగ్గర, పాత సీసీ గట్టిగా ఉన్నంత మేర పొర వేసి, కింది భాగం మాత్రం తవ్వి, మధ్యలో కొన్ని మీటర్ల వాలులో కలపొచ్చు. అప్పుడు ఖర్చు అంతగా పెరగదు. మార్పు చిన్నదైతే ఫైలు పై దాకా పోయే అవసరం తగ్గుతుంది.

కాగితం సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఎస్టిమేట్ కాపీ సమాచార హక్కు కింద అడగొచ్చు, 30 రోజుల్లో ఇవ్వాలి. కానీ అంతదాకా ఎందుకు, మర్యాదగా వెళ్లి అడిగితే సైటు మీదే చూపించే వాళ్లున్నారు. పని మొదలయ్యాక ఎం బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎంత మందం రాస్తున్నారో కూడా అడగండి. పోసే ముందు ఎవరింటి గోడ మీదైనా ఎర్ర రంగుతో తుది లెవెల్ గుర్తు పెట్టించండి. ఆ గుర్తు దాటితే పని ఆపమని అప్పుడు గట్టిగా అడగొచ్చు.

మాధవధార దిగువ వరస | ఆదివారం మధ్యాహ్నం

పొద్దున్న ఆరున్నరకి మొదలుపెట్టి పదికి ముగించాం. మా ఆయన, అద్దెకున్న అబ్బాయి, నేను. ట్యూబ్ పక్క వీధి మేస్త్రి దగ్గర తెచ్చాం. ఏడో ఇంటి మావయ్యగారు పుస్తకం పట్టుకుని అంకెలు రాశారు.

పై ఆరిళ్లకి ఏ ఇబ్బందీ లేదు, అందరి గుమ్మాలూ అడుగున్నర పైనే. మిగిలిన పదమూడింట్లో అయిదిళ్ల ఆవరణ ఇప్పటికే రోడ్డు కిందకి ఉంది. అయిదంగుళాలు వేస్తే ఆ సంఖ్య పదకొండు. సంపులు మునిగేవి తొమ్మిది. వీటిలో నాలుగిళ్ల వాళ్లు నిన్నటిదాకా "ఎలాగోలా వెయ్యనివ్వండి" అన్నవాళ్లే. టేపు చూశాక సంతకం పెట్టారు.

కాగితంలో మూడు మాటలే రాశాం. ఏడో ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా పాత సీసీ తీసి అదే లెవెల్‌లో వెయ్యాలి. కాలువ పూడిక ముందు తియ్యాలి. ఈ మార్పు కోసం పని ఆగకూడదు. చివరిది తమ్ముడి కోసం రాసింది.

సీసీ ఆరేదాకా ఆ పన్నెండు రోజుల్లో డయాలసిస్ రోజులకి మా ఆయన ఉదయం వస్తారు. సాయంత్రం తేవడానికి పదకొండో ఇంటి అబ్బాయి వస్తానన్నాడు. చక్రాల కుర్చీ ఏడో ఇంటి వాళ్ల దగ్గర ఉంది. రోడ్డంచున పలకలు వేసుకుని వెళ్లొచ్చని మేస్త్రి గారు చెప్తే సరే, లేకపోతే మోస్తాం.

సీసీ మేస్త్రి, కంచరపాలెం | ఆదివారం మధ్యాహ్నం

రెండో రోజు దాటాక మనుషులు నడవొచ్చు. అయిదో రోజు నుంచి చక్రాల కుర్చీ ఫరవాలేదు. మొదటి మూడు నాలుగు రోజులే కష్టం. ఆ రోజుల్లో డయాలసిస్ ఒక్కసారికి మించి పడకుండా పోసే రోజు చూసుకోండి, ఆ మాత్రం కాంట్రాక్టర్ వింటాడు.

పై చివర ఇల్లు | ఆదివారం రాత్రి

అక్కా, ఇందాక మీ ఇంటికి వచ్చి సంతకం పెట్టాను, మీరు గుడికి వెళ్లారు. అత్తగారి దగ్గర కాగితం ఉంది. నా పేరు కింద ఒక లైను రాశాను, చూడండి. దసరా లోపు పని మొదలవ్వకపోతే నా సంతకం వెనక్కి తీసుకుని, ఉన్న ఎస్టిమేట్ ప్రకారమే వెయ్యమని నేనే వెళ్లి అడుగుతాను. నాన్నకి ఆగే టైము లేదు.

రేపు పదింటికి నేనూ వస్తాను. డయాలసిస్ మంగళవారం.