కారు ఉందని కంప్యూటర్ చెబితే రేషన్ కార్డు తీసేయవచ్చా?

ప్రశ్న: మా మేనత్తగారు నల్లగొండ జిల్లాలో కూలి చేసుకుని బతుకుతారు. పోయిన నెల బియ్యానికి వెళ్తే, ఈ-పాస్ యంత్రంలో ఆమె కార్డు నంబరు కొట్టిన డీలరు "అమ్మా, నీ కార్డు రావడం లేదు" అని సంచీ తిరిగి ఇచ్చేశారట. కార్యాలయంలో అడిగితే, ఆమె పేరిట కారు ఉన్నట్టు కంప్యూటర్ చూపుతోందని, అది తమ చేతిలో లేదని అన్నారు. ఆమెకు సైకిల్ కూడా లేదు. ముందుగా నోటీసేదీ రాలేదు. కొత్త కార్డుకు దరఖాస్తు చేయించమంటారా, పాతదాని కోసమే ప్రయత్నించమంటారా?

సమాధానం: ముందు పాత కార్డు సంగతే తేల్చుకోండి. కొత్త దరఖాస్తు కూడా అదే జల్లెడలో పడుతుంది; ఆ కారు ఆమె పేరు మీద నుంచి పోనంతవరకు మళ్లీ అదే జవాబు వస్తుంది.

ఈ పొరపాటు ఎలా జరుగుతుందో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల వద్ద ఉన్న వాహనాల, భూముల, కరెంటు కనెక్షన్ల వంటి వివరాలను పేరును, చిరునామాను బట్టి ఒక్కో మనిషికి జతచేస్తుంది. మన పేర్లతో ఇది తేలికైన పని కాదు. రేషన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, బండి కాగితాల్లో పొడి అక్షరమే ఉండవచ్చు. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో ఒక గుమాస్తా ఎక్స్ అక్షరంతో, మరొకరు కే, ఎస్, హెచ్ అక్షరాలతో రాస్తారు. ఈ తేడాలున్నా ఒకే మనిషిని గుర్తుపట్టేలా ప్రోగ్రాములో కొంత సడలింపు ఇస్తారు, ఆ సడలింపే ఒక్కోసారి ఇద్దరు లక్ష్ములను ఒకరిని చేస్తుంది. మీ మేనత్తగారి విషయంలో ఇదే జరిగిందని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను కానీ, ఇది కొత్త సంగతి కాదు: 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వాన్ని ఆదేశించింది.

"కంప్యూటర్ తీసేసింది" అనేది చట్టం దృష్టిలో జవాబు కాదు. కార్డును రద్దు చేసేది అధికారి. కంప్యూటర్ ఇచ్చేది అనుమానం మాత్రమే. ఆ అనుమానాన్ని మనిషి ముందుంచి ఆమె చెప్పేది విన్నాకే నిర్ణయం తీసుకోవాలన్నది సహజ న్యాయ సూత్రం, దానికి ఆధారం రాజ్యాంగంలోని 14వ అధికరణం; తిండికి సంబంధించినది కాబట్టి జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కూడా వర్తిస్తుంది.

మరో సభ్యుని మాట: కార్లున్నవాళ్లు కూడా బియ్యం తీసుకుంటున్న మాట నిజమే కదా? యంత్రం ఏరకపోతే లక్షల కార్డులను ఎవరు చూస్తారు?

సమాధానం: మీ మాటలో న్యాయం ఉంది, ఏరడాన్ని నేనూ తప్పుపట్టను. కానీ ఏరిన తరువాత ఇంటికి ఒక మనిషిని పంపి కారు ఉందో లేదో చూసిరావడానికి అర పూట చాలు. ఆ అర పూట మిగుల్చుకోవడం కోసం, కారు లేదని నిరూపించుకునే భారాన్ని కూలి మానుకుని తిరగాల్సిన మనిషి మీద వేస్తున్నాం. ప్రభుత్వ సాయం పొందేవారిలో మోసగాళ్లను పసిగట్టడానికి నెదర్లాండ్స్ నడిపిన సిరీ అనే ఇలాంటి వ్యవస్థను, అది ఎలా పనిచేస్తుందో బయటివారికి తెలిసే వీలు లేదన్న కారణంతో, హేగ్ జిల్లా కోర్టు 2020 ఫిబ్రవరిలో నిలిపివేసింది.

అడిగినవారు: సరేనండీ, ఇప్పుడు ఎవరికి, ఏమని రాయాలి?

సమాధానం: రెండు కాగితాలు రాయండి. మొదటిది ఆహార భద్రత చట్టం, 2013లోని 15వ సెక్షన్ కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేకుండా మాత్రం ఇంటికి రాకండి. కార్డు పునరుద్ధరించాలని, ఆగిపోయిన నెలలకు 8వ సెక్షన్ ప్రకారం ఆహార భద్రత భత్యం (అందని ధాన్యానికి బదులుగా ఇచ్చే డబ్బు) ఇవ్వాలని రెండూ అందులోనే కోరండి. అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు వెళ్లవచ్చు.

రెండవది జిల్లా పౌర సరఫరాల కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి, సమాచార హక్కు చట్టం కింద. నిర్ణయం వల్ల నష్టపోయినవారికి దాని కారణాలు తెలపాలని ఆ చట్టం 4(1)(డి) సెక్షనే చెబుతోంది. "ఎందుకు తీసేశారు" అని రాస్తే "అనర్హులు" అన్న ఒక్క ముక్క వస్తుంది. కాబట్టి ఇలా రాయండి: "ఫలానా నంబరు గల ఆహార భద్రత కార్డును రద్దు చేసిన ఉత్తర్వు నకలు, దానిపై సంతకం చేసిన అధికారి హోదా, కార్డుదారు పేరిట ఉన్నట్టు చూపిన వాహనం రిజిస్ట్రేషన్ నంబరు, రద్దుకు ముందు జరిపిన క్షేత్ర పరిశీలన నివేదిక, జారీ చేసిన నోటీసు, అది అందినట్టు ఉన్న రుజువు ఇవ్వగలరు." వీటిలో అతి ముఖ్యమైనది బండి నంబరు. అది దొరికితే రవాణా కార్యాలయంలో యజమాని తండ్రి లేదా భర్త పేరు, చిరునామా సరిచూపించి, ఆ బండి ఈమెది కాదని రాసివ్వమని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తరువాతి 30 రోజుల్లోగా అదే కార్యాలయ వ్యవస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి.

తెల్లకార్డు ఉన్నవారికి దరఖాస్తు రుసుము మినహాయింపు ఉంది కానీ, రద్దయిన కార్డు నకలు పెట్టి మినహాయింపు అడిగితే దాని మీదే ఇంకో తగాదా మొదలవుతుంది, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇచ్చేయండి.