స్కూల్ ల్యాబ్‌లో వీడియో ప్లగిన్ల గోల: ఏది ఉంచాలి, ఏది పీకేయాలి?

పొదిలి లెక్కల మాస్టారు:
మాది పొదిలి దగ్గర హైస్కూల్. చెప్పేది లెక్కలే గానీ ల్యాబ్ తాళాలు నా దగ్గరే ఉంటాయి కాబట్టి కంప్యూటర్ మాస్టారు కూడా నేనే. చీమకుర్తి గ్రానైట్ వాళ్లెవరో ఇచ్చిన పాత ఆఫీసు సిస్టమ్స్ ఉన్నాయి. అన్నీ విండోస్ 7, అందరికీ ఒకటే లాగిన్. పిల్లలు ఏదో సైట్‌లో వీడియో నొక్కితే "ప్లేయర్ అప్‌డేట్ చేయండి" అని వస్తుంది, వీళ్లు ఓకే కొట్టేస్తారు, తర్వాతి పీరియడ్‌కి క్రోమ్ తెరిస్తే హోమ్ పేజీ మారిపోయి, సెర్చ్ ఎటో పోయి, క్లాసులో చూపించకూడని ప్రకటనలు. తీసేసినా మళ్లీ వస్తాయి. పాత పాఠాల సీడీలేమో ఫ్లాష్ ప్లేయర్ కావాలంటాయి, యూట్యూబ్ ఆగి ఆగి ఆడుతుంది. అసలు ఏ ప్లగిన్ ఉండాలి? సర్వర్ లేదు, డబ్బులు అంతకన్నా లేవు.

కావలి నెట్ సెంటర్:
సింపుల్ సార్. అడ్మిన్‌కి పాస్‌వర్డ్ పెట్టి, పిల్లలకి స్టాండర్డ్ అకౌంట్ (సిస్టమ్‌లో మార్పులు చేసే అధికారం లేని లాగిన్) ఇవ్వండి. ఇక ఏదీ ఇన్‌స్టాల్ కాదు.

ఒంగోలు సిస్టమ్స్ అబ్బాయి:
అన్నా, అది చేయాల్సిందే గానీ సగం పనే. ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి పోవు, ఆ యూజర్ ప్రొఫైల్లో కూర్చుంటాయి, వాటికి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. మాస్టారికి వస్తున్న తలనొప్పిలో ఎక్కువ భాగం అదే అనుకుంటా.

మాస్టారూ, ముందు ఒకటి తేల్చేసుకోండి: ఈరోజు వీడియో చూడ్డానికి మీరు వెతికి పెట్టాల్సిన ప్లగిన్ ఏదీ లేదు. పాత రకం ప్లగిన్లని క్రోమ్ 2015లోనే ఆపేసింది, ఫైర్‌ఫాక్స్ 2017లో ఫ్లాష్ ఒక్కటి ఉంచి మిగతావి తీసేసింది, ఆ ఫ్లాష్‌ని అడోబీ వాళ్లే 2020 డిసెంబర్ 31తో వదిలేశారు, 2021 జనవరి 12 నుంచి అది తెరిచినా ఆడదు. కాబట్టి ఇప్పుడు ఏ సైటైనా ప్లేయర్ పెట్టుకోమంటే నూటికి తొంభైతొమ్మిది పాళ్లు మోసమే. పిల్లలకి ఈ ఒక్క ముక్క బోర్డు మీద రాయండి.

ఇక తాళం వేయడం. విండోస్ 7కి క్రోమ్ 109తోనే ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఇచ్చే రకం) పెట్టండి, ఆ విండోస్‌కి ఫైర్‌ఫాక్స్‌లో చివరిది అదే. అది ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్లో డిస్ట్రిబ్యూషన్ అని ఇంకో ఫోల్డర్ చేసి, అందులో పాలసీస్ డాట్ జేసన్ అనే ఫైల్ పెట్టాలి. ఎక్స్‌టెన్షన్లన్నీ బ్లాక్, మీరు చెప్పినవి మాత్రమే అనుమతి అని అందులో రాయొచ్చు, హోమ్ పేజీ కూడా అక్కడే బిగించొచ్చు. ఆ ఫోల్డర్ని స్టాండర్డ్ అకౌంట్ తాకలేదు, కాబట్టి అన్న చెప్పిందీ ఇదీ కలిస్తేనే పని. ఒక ఫైల్ తయారైతే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అన్నింట్లో కాపీ చేయడమే. క్రోమే కావాలంటే షార్ట్‌కట్‌తో గెస్ట్ మోడ్‌లో తెరుచుకునేలా చేయండి, అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు, మూయగానే హిస్టరీ కూడా పోతుంది. కానీ మామూలు క్రోమ్ తెరిచే గడుగ్గాయి ఎవడో ఒకడు ఉంటాడు, నేనైతే దాన్ని నమ్మను.

కందుకూరు ఫిజిక్స్ మేడమ్:
సీడీల సంగతి నేను చెప్తాను సార్. ఎవరో ఇచ్చిన పాత ఫ్లాష్ ఇన్‌స్టాలర్ మాత్రం వేయొద్దు. రఫుల్ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, డెస్క్‌టాప్‌దే తీసుకోండి, సీడీలోని ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైళ్లని, అంటే ఫ్లాష్‌లో చేసిన పాఠాలని, అందులో తెరవొచ్చు. మరీ పాతవి బాగా ఆడతాయి, తర్వాత కాలంలో చేసినవి కొన్ని మొండికేస్తాయి. విండోస్ 7 మీద రాకపోతే కొత్త విండోస్ ఉన్న లాప్‌టాప్‌లో తెరిచి చూడండి. నేనైతే ఆడని వాటి వెంట పడడం మానేసి ఫెట్ సిమ్యులేషన్లకి (తెర మీద కదిలిస్తూ చేసి చూసే ప్రయోగాలకి) మారిపోయాను. కొలరాడో యూనివర్సిటీ వాళ్లవి, హెచ్‌టీఎంఎల్5లో (ప్లగిన్ లేకుండా బ్రౌజర్లోనే ఆడే రకంలో) ఉన్నవి ఒక్కో ఫైల్‌గా డౌన్‌లోడ్ అవుతాయి, నెట్ లేకపోయినా బ్రౌజర్లో తెరుచుకుంటాయి. మీ లెక్కలకీ బోలెడు ఉన్నాయి, భిన్నాలది చూడండి.

పొదిలి లెక్కల మాస్టారు:
మేడమ్, చాలా థాంక్స్. తమ్ముడూ, యూట్యూబ్ సంగతి చెప్పలేదు. మా నెట్ మరీ అంత దరిద్రంగా ఏం లేదు, ఫోన్లో బాగానే ఆడుతుంది.

ఒంగోలు సిస్టమ్స్ అబ్బాయి:
ఫోన్లో ఆడుతోందంటే నెట్ తప్పు కాదు సార్, ప్రాసెసర్ చాలట్లేదు. యూట్యూబ్ పంపే వీపీ9, ఏవీ1 వీడియోలని (వీడియోని కుదించే కొత్త పద్ధతులవి) విప్పే హార్డ్‌వేర్ ఆ కాలం మెషీన్లలో ఉండదు, భారమంతా సీపీయూ మీదే పడుతుంది. హెచ్264ఇఫై అని ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్ ఉంది, అంటే ఎక్స్‌టెన్షనే, తేలికైన పాత హెచ్.264 రకమే పంపమని అడుగుతుంది. మీ ఫైల్లో అనుమతించాల్సింది ఆ ఒక్కదాన్నే. క్వాలిటీ 480 దగ్గర పెట్టండి, ప్రొజెక్టర్ మీద అంతకు మించి పెద్ద తేడా తెలియదు.

ముందు ఒక్క సిస్టమ్‌లో చేసి, అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, పాలసీస్ అని ఖాళీ లేకుండా ఇంగ్లీషులో కొట్టి ఆ పేజీ తెరిచి చూడండి, మీరు రాసినవి అక్కడ కనపడకపోతే ఫైల్లో ఎక్కడో కామా తప్పి ఉంటుంది.